నొప్పి బిళ్ల ఏదైనా ఒకటేనా? స్ట్రిప్ వెనుక పేరు చూశారా?

రాజమహేంద్రవరంలోనో భీమవరంలోనో మెడికల్ షాపుకెళ్లి ‘మోకాలి నొప్పికి బిళ్ల ఇవ్వండి’ అని అడిగితే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎటోరికాక్సిబ్‌లలో ఏదో ఒకటి చేతికొస్తుంది. పేర్లు వేరైనా ఇవన్నీ ఒకే కుటుంబం. నొప్పి, వాపు కలిగించే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి. చిక్కేమిటంటే, కడుపు లోపలి పొరను కాపాడేవి, కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూసేవి కూడా అవే.

నొప్పి తగ్గించడంలో వీటి మధ్య పెద్ద తేడా లేదు. తేడా దుష్ప్రభావాల్లోనే. తక్కువ మోతాదులో ఐబుప్రోఫెన్ కడుపును కాస్త తక్కువగా ఇబ్బంది పెడుతుంది. నాప్రోక్సెన్‌తో గుండెకు ముప్పు కొంత తక్కువ, కడుపులో రక్తస్రావం ముప్పు ఎక్కువ. ఎటోరికాక్సిబ్ దీనికి తిరగబడి: కడుపుకు నయం, కానీ బీపీ పెంచుతుంది. గుండె జబ్బున్నవారికి డైక్లోఫెనాక్ కూడా మంచిది కాదు. నిమెసులైడ్‌తో కాలేయానికి ముప్పు; 12 ఏళ్లలోపు పిల్లలకు దాన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు.

కిడ్నీల విషయంలో మాత్రం ఏదీ మినహాయింపు కాదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు బీపీకి టెల్మిసార్టాన్ లాంటి బిళ్లతో పాటు మూత్రం ఎక్కువగా వచ్చే బిళ్ల కూడా వేసుకుంటున్నారా? దానికి నొప్పి బిళ్ల తోడైతే కిడ్నీలు ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. మే నెల ఎండకు ఒంట్లో నీరు తగ్గినా, వాంతులు, విరేచనాలు అవుతున్నా ఆ ముప్పు ఇంకా ఎక్కువ. ‘గ్యాస్ బిళ్ల కూడా వేసుకుంటున్నాం కదా’ అనుకోవద్దు. అది కడుపును కాపాడుతుంది, కిడ్నీని కాదు. సూది వేయించుకుంటే కడుపుకు ఏమీ కాదన్నదీ అపోహే. మందు రక్తంలో కలిశాక కడుపు మీదా పనిచేస్తుంది.

ఇంకో పొరపాటు కాంబినేషన్ బిళ్లలతో జరుగుతుంది. ఎసిక్లోఫెనాక్ బిళ్లల్లో చాలావాటిలో 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ కలిసే ఉంటుంది. జ్వరానికని మళ్లీ 650 వేసుకుంటే తెలియకుండానే డోసు పెరిగిపోతుంది. అందుకే బ్రాండు పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. ఈ కుటుంబం మందులు రెండు ఒకేసారి వాడొద్దు.

వానాకాలంలో జ్వరమొస్తే డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే. మిగతావి రక్తస్రావం ముప్పు పెంచుతాయి. గర్భిణులు డాక్టర్ చెప్పకుండా వీటి జోలికి వెళ్లకూడదు. మోకాలి నొప్పి ఒక్కటే అయితే ముందు పైపూత జెల్ వాడి చూడండి. రక్తంలోకి వెళ్లే మందు చాలా తక్కువ.

నెలల తరబడి వాడుతున్నవారు కాకినాడ జీజీహెచ్ లాంటి ప్రభుత్వాసుపత్రిలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. తారులా నల్లటి విరేచనం, మూత్రం తగ్గడం, కాళ్ల వాపు, ఆయాసం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే బిళ్ల ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మందు వికటిస్తే రోగులు కూడా నేరుగా ఫిర్యాదు చేయొచ్చు. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. ఫోన్ చేసేటప్పుడు ఆ స్ట్రిప్ చేతిలో ఉంచుకోండి.