ముందుగది దాటని తీగ

మన ఇళ్లల్లోకి ఏ తీగ వచ్చినా ముందుగదిలోనే ఆగిపోయింది. టెలిఫోను హాల్లో, అల్లిక గుడ్డ పరిచిన చిన్న బల్ల మీద ఉండేది. కేబుల్ టీవీ వచ్చిందీ హాల్లోకే. ఇంటర్నెట్టూ అంతే. వంటింటికి, వెనకగదికి దాని వంతు ఎప్పుడూ ఆఖరునే. ఆ గదుల్లో ఎక్కువసేపు గడిపేది ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. అప్పుడది ఫోను లైను మీదే నడిచేది. ఇంట్లో ఎవరైనా నెట్ చూస్తున్నంతసేపూ ఊరి నుంచి అమ్మ ఫోన్ చేస్తే ఎంగేజ్ వచ్చేది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలయ్యాక ఒకే తీగ మీద ఫోనూ, నెట్టూ కలిసి నడిచాయి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబరు ఊళ్లలోకి నడిచింది. ఇలా కనెక్షన్ మారినప్పుడల్లా ఒక కొత్త డబ్బా హాల్లోకి వచ్చింది, పాత డబ్బా అటకెక్కింది.

ఆ అటక మీది డబ్బా గురించే నేను రాయాలనుకున్నది. మా వెనకగదికీ హాలుకీ మధ్య రెండు గోడలున్నాయి. వైఫై అక్కడికి వెళ్లేసరికి ఊపిరి ఉండదు. ఇంటర్ చదివే మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు కోసం హాల్లోకి వచ్చి, టీవీ మోతలో చెవులు మూసుకుని కూర్చునేది. ఆడపిల్ల చదువుకి ఇంట్లో ఒక తలుపున్న గది దొరకడం ఎంత పెద్ద విషయమో మన తరానికి తెలుసు. గది ఉండి కూడా అక్కడికి నెట్ రాకపోతే ఏం లాభం?

దీనికి జవాబు చాలా పాతది. 1973 మే 22న అమెరికాలో, పాలో ఆల్టోలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో బాబ్ మెట్‌కాఫ్ అనే ఇంజనీరు తన తోటివాళ్లకు ఒక నోటు రాశాడు. ఒకే భవనంలోని కంప్యూటర్లన్నిటినీ ఒక తీగతో కలిపే పద్ధతి అది. దానికి ఈథర్‌నెట్ అని పేరు పెట్టాడు. డేవిడ్ బాగ్స్‌తో కలిసి దాన్ని పని చేయించాడు. మొదట్లో అది లావుపాటి కేబుల్. 1990లో ఫోను తీగలాగే మెలితిప్పిన సన్న తీగల మీద నడిచే ప్రమాణం వచ్చింది. ఇప్పుడు మన రౌటరు వెనక టిక్కుమని దూరే వైరు ఆ వంశానిదే. ఒక ముక్క వంద మీటర్ల వరకూ పని చేస్తుంది. ఏ ఇంటికైనా అది చాలు.

ఈ వంశంలో నాకు నచ్చిన మర్యాద ఒకటుంది. కొత్త పరికరం పాతదాన్ని చూసి మొహం తిప్పుకోదు. రెండూ కలవగానే ఇద్దరికీ వచ్చిన వేగం ఏదో తేల్చుకుని ఆ వేగంతోనే మాట్లాడుకుంటాయి. అందుకే పదేళ్ల నాటి రౌటరు కూడా నిన్న వచ్చిన దానితో పని చేస్తుంది. పాతదాని పోర్టు 100 ఎంబీపీఎస్‌దే అయినా క్లాసు వినడానికి ఎక్కువే.

చేయాల్సింది ఇదీ. ముందు దాని సొంత అడాప్టర్ వెతకండి. వోల్టేజీ కలవని అడాప్టర్ పెడితే డబ్బా పోతుంది. వెనక ఉన్న చిన్న రంధ్రంలో పిన్నుతో పది సెకన్లు నొక్కి పాత సెట్టింగులు చెరిపేయండి. దాన్ని ఒక్కదాన్నే ల్యాప్‌టాప్‌కి వైరుతో కలిపి, అడుగున అంటించిన కాగితం మీది అడ్రసుతో తెరవండి. యాక్సెస్ పాయింట్ అనే మోడ్ కనిపిస్తే అది ఎంచుకుంటే సగం పని అయినట్టే. లేకపోతే రెండు మార్పులు మనమే చేయాలి.

ఒకటి, దాని అడ్రసు. మన ఇళ్లలో వాడే 192.168తో మొదలయ్యే అంకెలను సొంత నెట్‌వర్కుల కోసం 1994లోనే విడిగా కేటాయించారు. హాల్లో రౌటరు 192.168.1.1 అయితే దీన్ని 192.168.1.2 చేయండి, ఆ అంకె ఇంకెవరికీ ఇవ్వకుండా చూసుకోండి. రెండు, డీహెచ్‌సీపీ ఆపేయండి. ఇంట్లోని ఫోన్లకు, టీవీకి అడ్రసులు పంచేది అదే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా, ఆ పెత్తనం హాల్లోదానికే ఉండాలి. తర్వాత వైఫైకి మంచి పాస్‌వర్డ్ పెట్టి, హాల్లో రౌటరు లాన్ పోర్టు నుంచి దీని లాన్ పోర్టుకి వైరు వేయండి. వాన్ అని రాసి ఉన్న రంధ్రం ఖాళీగా ఉండనివ్వండి. వైరును కరెంటు తీగలున్న పైపులోంచి లాగకండి.

రెండు డబ్బాల మధ్య ఒక్క వైరే వేయాలి. గట్టిగా ఉంటుందని రెండోది వేస్తే ఇంట్లో నెట్టంతా కుప్పకూలుతుంది. ఈథర్‌నెట్‌లో వెళ్లే సమాచారానికి ఇన్నిసార్లు తిరిగి ఆగిపో అనే లెక్క లేదు. దారి గుండ్రంగా మూసుకుంటే అందరికీ పంపే కబురు అందులోనే గిరగిరా తిరుగుతూ ఉంటుంది.

ఈ చిక్కుకు 1985లో దారి చూపింది ఒక మహిళ, రాడియా పెర్ల్‌మన్. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పని చేస్తూ, తీగలు ఎన్ని అల్లుకున్నా వాటిలోంచి చెట్టుకొమ్మల్లా మెలిక లేని దారిని మాత్రమే వాడుకునే పద్ధతి కనిపెట్టారు. దాని పేరు స్పానింగ్ ట్రీ. దాని మీద సరదాగా ఒక చిన్న కవిత కూడా రాసుకున్నారు. ఆవిడ అమ్మగారు ప్రోగ్రామరు. పెర్ల్‌మన్ మాత్రం తను చిన్నప్పుడు వస్తువులు విప్పి చూసే రకం కాదని చెప్పుకున్నారు. పెద్ద సంస్థల నెట్‌వర్కులు ఆ పద్ధతి మీద ఏళ్ల తరబడి నిలబడ్డాయి. ఇళ్లలో వాడే చౌక డబ్బాల్లో చాలావాటికి అది ఉండదు కాబట్టి ఆ జాగ్రత్త మనదే.

ఒక్క మాట. మరీ పాత రౌటర్లకు కంపెనీలు భద్రత అప్‌డేట్లు ఆపేస్తాయి. అందుకే దాన్ని బయటి లైనుకు నేరుగా తగిలించకుండా, హాల్లోదాని వెనకే ఉంచడం మేలు.

ఇప్పుడు మా అమ్మాయి తలుపేసుకుని చదువుకుంటోంది. అదే వైఫై వంటింటి గట్టు దాకా వస్తోంది. పప్పు ఉడికేలోగా అమ్మతో వీడియోకాల్ మాట్లాడుతున్నాను. ఖర్చు పదిహేను మీటర్ల వైరు, ఒక మధ్యాహ్నం. "ఇవి మనకెందుకులే" అనిపిస్తే పెర్ల్‌మన్‌ని తలుచుకుని, స్టూలు వేసుకుని అటక ఎక్కండి.