గుమాస్తా నోటికి చట్టం వేసిన తాళం

జీతమెంతో, లాభమెంతో మన దగ్గర చుట్టాలకు కూడా సూటిగా చెప్పరు. అలాంటి లెక్కను కాగితం మీద పెట్టి సర్కారు చేతికివ్వమంటే, అది మూడో కంట పడదన్న భరోసా ఉండాలి. 1922 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 54వ సెక్షన్ ఆ భరోసానే ఇచ్చింది. రిటర్నులో రాసింది, విచారణలో చెప్పింది, అసెస్‌మెంట్‌లో తేలింది అంతా రహస్యమే. ఫైలు తెమ్మని పన్ను ఉద్యోగిని కోర్టు కూడా ఆదేశించకూడదు. గుట్టు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు.

ఒకప్పుడు నిజాం ఏలుబడిలో ఉన్న సంగారెడ్డి ప్రాంతానికి ఆ చట్టం 1950 ఏప్రిల్ 1న వర్తించింది. 1961 చట్టం అదే కట్టుబాటును 137వ సెక్షన్‌గా నిలబెట్టింది కానీ, మూడేళ్లు తిరగకుండానే 1964 ఏప్రిల్ 1 నుంచి దాన్ని ఎత్తేశారు. ఇక బయటివాళ్లు వివరాలు అడిగితే, అందులో ప్రజా ప్రయోజనం ఉందని కమిషనర్‌కు తోచాలి. ఉద్యోగికి శిక్ష మాత్రం 280వ సెక్షన్‌లో మిగిలింది. అయితే కేంద్రం ముందుగా అనుమతిస్తేనే కేసు. గుట్టు పోగొట్టుకున్న మనిషికి ఇది అన్యాయమే. 2012లో సుప్రీంకోర్టు రిటర్నులు వ్యక్తిగత సమాచారమనీ, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే తప్ప సమాచార హక్కు కింద ఇవ్వనక్కర్లేదనీ తేల్చి కొంత ఊరటనిచ్చింది.

సంగారెడ్డి ప్రాంతంలోని రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, ఆ తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు వచ్చాక నెలజీతం మీద బతికే ఇళ్లు ఇక్కడ పెరిగాయి. వాళ్లకు కంపెనీ ఇచ్చే పన్ను పత్రం ఫారం 16 ఒక్కటి విప్పి చూడండి. పాన్ నంబరు, జీతం, ఇంటి అప్పు మీద వడ్డీ, పిల్లల చదువు అప్పు. 80డీడీ కింద మినహాయింపు ఉంటే ఆ ఇంట్లో వైకల్యమున్న మనిషి ఉన్నట్టు తెలిసిపోతుంది. 80యూ ఉంటే ఆ వైకల్యం ఉద్యోగిదే. పక్క సీటువాళ్లకు సైతం చెప్పుకోని సంగతి!

ఆ కాగితం పన్ను ఆఫీసు కన్నా ముందు కంపెనీ అకౌంట్స్ గుమాస్తా చేతిలో పడుతుంది. తర్వాత రిటర్నులు నింపే దుకాణానికి, లోను కోసం బ్యాంకుకు. పాస్‌వర్డ్ కూడా దుకాణంవాళ్లకే అప్పగించేవాళ్లున్నారు. 1961 చట్టం 280వ సెక్షన్‌లో పెట్టిన శిక్ష ప్రభుత్వోద్యోగికే. చార్టర్డ్ అకౌంటెంట్ తన క్లయింటు అనుమతి లేకుండా వివరాలు బయటపెడితే, అది 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం ప్రకారం వృత్తిపరమైన తప్పు. కానీ రిటర్నులు నింపిపెట్టేవాళ్లందరూ చార్టర్డ్ అకౌంటెంట్లు కారు.