గుంజ వెనక కుర్చీ

యథార్థ గాథ

భోజనాల హాల్లో వెలుగు తగ్గింది. గాయా అనే గాయని పాట అందుకుంది. ఆమె ఈ లోకపు మనిషి కాదు. జుట్టుకు బదులు తల నుంచి రెండు పొడవాటి తోకలు భుజాల మీదికి వేలాడే జాతి ఆమెది. ఆమె కోసమే ఆ రాత్రి విందు, అలంకరణ అంతా. తింటున్నవాళ్లు చెంచాలు పక్కన పెట్టి అటు తిరిగారు. జెన్నీ నికల్సన్ కూడా తిరిగింది. ఆమెకూ గాయనికీ నడుమ ఒక లావుపాటి స్తంభం ఉంది.

మెడ ఎటు వంచినా స్తంభమే. పాట వినిపిస్తోంది, పాడే మనిషి కనిపించడం లేదు. రెండు రాత్రుల ఆ ప్రయాణానికి జెన్నీకి అయిన ఖర్చు ఆరు వేల డాలర్లు దాటింది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం, వాల్ట్ డిస్నీ వరల్డ్, 'స్టార్ వార్స్' సినిమాల లోకాన్ని కళ్లముందు నిలబెట్టిన హోటలు. దాని పేరు గెలాక్టిక్ స్టార్‌క్రూయిజర్.

జెన్నీ సినిమాల గురించి, థీమ్ పార్కుల గురించి యూట్యూబ్‌లో మాట్లాడే మనిషి. స్టార్ వార్స్ అంటే ప్రాణం. 2024 మే నెలలో ఆ హోటలు మీద ఆమె పెట్టిన వీడియో నిడివి నాలుగు గంటల పైనే. లక్షల మంది దాన్ని చూశారు. అందులో అందరికీ గుర్తుండిపోయింది ఆ స్తంభం. నాకు మాత్రం దాన్ని చూస్తుంటే మా వైపు ఊరు డోర్నకల్ గుర్తొచ్చింది.

డేరా టాకీసు

మా చిన్నప్పుడు మా వైపు ఊళ్లకు డేరా టాకీసు వచ్చేది. పొలాల కోతలయ్యాక ఖాళీ జాగా చూసి డేరా వేసేవాళ్లు. నేల టికెట్టు, బెంచీ టికెట్టు, కుర్చీ టికెట్టు. నేల అంటే ఇసుకే. దాన్ని కుప్పగా పోగేసుకుని దాని మీద కూర్చుంటే ముందువాళ్ల తల అడ్డం రాదు. డోర్నకల్ జంక్షన్ వైపు నుంచి గూడ్సు బండి కూత వేస్తే హీరో మాట సగం వినపడేది కాదు. ఆ సగం మాటను పక్కన కూర్చున్న రెండోసారి చూసేవాడు అందించేవాడు.

డేరా నడుమ గుంజలుండేవి. గుంజ లేకుండా డేరా నిలబడదు. ఒక రాత్రి మా ముందు ఒక ముసలాయన సరిగ్గా గుంజ వెనక కూర్చున్నాడు. టికెట్లు చింపే పిల్లగాడు బ్యాటరీ లైటు కొట్టుకుంటూ వచ్చి ఆగాడు.

"తాతా, గుంజ అడ్డమొస్తుంది గదా. గిటు జరుగు."

"ఈడ బాగనే ఉంది బిడ్డా."

"ఏం బాగ? బొమ్మ కనపడకుంటే పైసలెందుకిచ్చినవ్?"

ఆయన చెయ్యి పట్టుకుని లేపి, నలుగురిని జరగమని, నడుమ జాగా చేసి కూర్చోబెట్టి పోయాడు. ఆ సినిమా పేరు నాకిప్పుడు గుర్తు లేదు. ఆ పిల్లగాడి మాట గుర్తుంది. ఫ్లోరిడా కథ వింటున్నంతసేపూ ఆ మాట చెవిలో మోగుతూనే ఉంది.

నలభై ఏళ్ల ప్రేమ

స్టార్ వార్స్ మొదటి సినిమా 1977 మే 25న విడుదలైంది. జార్జ్ లూకాస్ తీశాడు. అంతరిక్షం, తండ్రీ కొడుకుల పోరు, వెలుగుతో చేసిన కత్తి. మన పిల్లలు వెదురు బద్దలతో రామరావణ యుద్ధం ఆడినట్టే అక్కడి పిల్లలు చీపురు కర్రలతో ఆ కత్తియుద్ధం ఆడారు. వాళ్లు పెద్దవాళ్లై తమ పిల్లలకు ఆ సినిమాలు చూపించారు. 2012లో డిస్నీ సంస్థ లూకాస్ కంపెనీని నాలుగు వందల కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి కొన్నది. ఆ ధరలో సినిమా రీళ్ల విలువ కొంతే. మూడు తరాల ప్రేమకు కట్టిన ధర అది.

2017లో డిస్నీ ఒక మాట ఇచ్చింది. ఇక మీరు సినిమా చూడనక్కర్లేదు, అందులోనే రెండు రోజులు బతకవచ్చు అని. అంతరిక్ష నౌకలో గది, కిటికీలో నక్షత్రాలు, పక్కనే నడిచిపోయే పాత్రలు. కథలో మీరు ఎవరి పక్షమో మీరే తేల్చుకోవచ్చు. చిన్నప్పుడు చీపురు కర్ర తిప్పినవాళ్లకు ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి.

నౌక ఎక్కిన రోజు

2022 మార్చి 1న తలుపులు తెరుచుకున్నాయి. బయటి నుంచి చూస్తే సాదా కాంక్రీటు కట్టడం. లోపలికి వెళ్లాక ఒక చిన్న గదిలోకి ఎక్కిస్తారు. తలుపు మూసుకుంటుంది. తెర మీద చీకటి వస్తుంది, నక్షత్రాలు వస్తాయి. దూరాన పెద్ద నౌక కనిపిస్తుంది. దాని పేరు హాల్సియన్. మళ్లీ తలుపు తెరుచుకునేసరికి మీరు ఆ నౌక నడిబొడ్డున ఉంటారు.

మొత్తం వంద గదులు. ఏ గదికీ అసలు కిటికీ లేదు. కిటికీ ఉండాల్సిన చోట తెర, తెరలో అంతరిక్షం. పిల్లలకు గోడలో అమర్చిన మంచాలు. గదిలోని బొమ్మ తెర మీద మాట్లాడే యంత్రం మీ పేరు అడుగుతుంది. వెలుగు కత్తి పట్టడం నేర్పుతారు. నౌక నడిపే గదిలో మీటలు నొక్కించి శత్రువుల మీద గురి పెట్టిస్తారు. రెండో రోజు కిటికీల్లేని బండిలో పక్కనున్న పార్కులోకి, సినిమాల్లోని గ్రహాల లాంటి చోటికి తీసుకెళ్తారు. చివరి రాత్రి నడిహాలు పైన రే, కైలో రెన్ అనే పాత్రలు కత్తులు దూస్తాయి.

నటులు చాలా బాగా చేశారు. ఈ మాట ఇష్టపడినవాళ్లూ అన్నారు, తిట్టినవాళ్లూ అన్నారు. కెప్టెన్ వేషం వేసిన ఆవిడ, నౌకలో చొరబడ్డ శత్రు అధికారి వేషం వేసినాయన, మెకానిక్ కుర్రాడు ఎక్కడా వేషం విప్పలేదు. ప్రయాణికులను పేరుతో పిలిచారు. ఒక పిల్ల రహస్యం చెబితే అందరి ముందూ దాన్ని దాచారు. మన వీధి భాగవతంలో హిరణ్యకశిపుడు జనం నడుమ నుంచి అరుస్తూ వస్తే పిల్లలు తల్లి కొంగు పట్టుకునేవాళ్లు. సరిగ్గా ఆ విద్యే ఇది. మనిషి ఎదురుగా నిలబడి కథలోకి లాగితే ఏ దేశంలోనైనా పని చేస్తుంది.

ఎక్కడ తప్పింది

ధర దగ్గర మొదట తప్పింది. మొదట్లో ఇద్దరికి రెండు రాత్రులకు చెప్పిన ధర సుమారు 4,800 డాలర్లు. ముగ్గురు పెద్దలు, ఒక పిల్లవాడు వెళ్తే సుమారు 6,000 డాలర్లు. అప్పటి లెక్కన మన రూపాయల్లో నాలుగున్నర లక్షలు. మా వైపు ఇంటి మీద స్లాబు పోసుకునే డబ్బు. భోజనం, పార్కు టికెట్టు అందులోనే కలిసి ఉన్నా మధ్యతరగతి కుటుంబానికి అది అందని మాట. వంద గదులే ఉండి, అంతమంది నటులు రెండు రోజులూ ఆడుతూ ఉండాలంటే ఖర్చు ఎక్కువే. దాంతో ఆ కథను నలభై ఏళ్లు మోసిన అభిమానుల్లో ఎక్కువ మంది గేటు బయటే ఉండిపోయారు. తెరవకముందే, 2021 చివర్లో, ప్రచారం కోసం పెట్టిన ఒక వీడియోను చూసి జనం ఎగతాళి చేస్తే సంస్థ దాన్ని తీసేసింది. ఇంత డబ్బుకు ఇదేనా అన్నది అప్పుడే మొదలైన ప్రశ్న.

రెండో తప్పు ఫోను. నౌకలో మీ కథ ఎటు నడవాలో ఒక యాప్ నడిపించేది. మీరు తిరుగుబాటుదారుల వైపా, రాజ్యం వైపా, దొంగ సరుకు రవాణా చేసేవాళ్ల వైపా అన్నది అందులో ఇచ్చే జవాబులను బట్టి తేలేది. దానికి తగ్గట్టు ఫలానా గంటకు ఫలానా చోటికి రమ్మని కబురు వచ్చేది. జెన్నీ చెప్పినదాని ప్రకారం ఆమెకు యాప్ సరిగా పని చేయలేదు. ఆమె కోరుకున్న దారిలోకి కథ వెళ్లలేదు. పక్కవాళ్లు రహస్య సమావేశాలకు పరుగెడుతుంటే ఆమె ఫోను పట్టుకుని ఎదురుచూసింది. ఇంటి నుంచి ఇష్టంగా వేషాలు తెచ్చుకుని, కథలో ఒక పాత్ర కావాలని వెళ్లిన మనిషి. కథ ఆమెను పిలవలేదు.

మూడోది స్తంభం. ఇది చిన్న విషయమని కొందరంటారు. నేననను. స్తంభం ఏ కట్టడంలోనైనా ఉంటుంది. కట్టినవాళ్లు దాని వెనక బల్ల వేసి, ఆ బల్లకూ అదే ధర పెట్టి, ఒక అభిమానిని అక్కడ కూర్చోబెట్టారు. అక్కడి నుంచి ఏం కనిపిస్తుందో ముందుగా ఎవరైనా కూర్చుని చూసి ఉంటే ఆ బల్ల అక్కడ ఉండేది కాదు.

మూడింటినీ కలిపి చూస్తే ఒకటి తెలుస్తుంది. మనిషి నిలబడిన ప్రతిచోటా ఆ నౌక నిలబడింది. మనిషి చేయాల్సిన పనిని ఫోనుకూ లెక్కల పట్టికకూ అప్పగించిన చోట ఓడిపోయింది.

చివరి ప్రయాణం

వినోద రంగంలో కొత్తదనానికి ఇచ్చే థియా అవార్డు ఆ హోటలుకు వచ్చింది. అయినా గదులు నిండలేదు. 2023 మే 18న డిస్నీ మూసివేత ప్రకటించింది. ఆ మాట వినగానే మిగిలిన ప్రయాణాలకు జనం ఎగబడ్డారు. ఉన్నంతకాలం అందనంత ఎత్తులో ఉన్నది, పోతుందనగానే ఎలాగైనా చూడాలనిపించింది. సెప్టెంబరు 28న ఎక్కినవాళ్లు 30న దిగారు. అంతటితో సరి. తెరిచి పంతొమ్మిది నెలలు.

ఆ చివరి రోజు నటులూ ప్రయాణికులూ ఏడ్చారు. రెండు మూడుసార్లు వెళ్లొచ్చినవాళ్లు కూడా అందులో ఉన్నారు. వాళ్లకు అది నిజంగానే జీవితంలో మరచిపోలేని అనుభవం. వాళ్ల ఆనందం అబద్ధం కాదు. జెన్నీ బాధా అబద్ధం కాదు. ఒకే హాల్లో, ఒకే ధరకు, కొందరికి కథ కనిపించింది, కొందరికి స్తంభం కనిపించింది. అభిమానిని అందరికంటే ఎక్కువ బాధపెట్టేది అదే. బాగోలేదని సర్దిచెప్పుకోవడం తేలిక. బాగుంది కానీ నాకు కనపడలేదు అన్నది జీవితాంతం మిగులుతుంది.

మన వాకిట్లోకి

ఇది ఎక్కడో జరిగిన కథ అని పక్కన పెట్టే రోజులు పోయాయి. సాబు సిరిల్ రూపకల్పనలో రామోజీ ఫిల్మ్ సిటీలో కట్టిన మాహిష్మతి సెట్టును, రెండో 'బాహుబలి' వచ్చిన 2017లోనే సందర్శకులకు తెరిచారు. ఆ కోట ముందు నిలబడి ఫొటో దిగిన కుటుంబాలు డోర్నకల్‌లోనూ ఉన్నాయి, మానుకోటలోనూ ఉన్నాయి. 2024లో 'కల్కి' కోసం తయారుచేసిన 'బుజ్జి' బండిని ఊరూరా తిప్పితే పిల్లలు దాని చుట్టూ మూగారు. తెలుగు సినిమా ఇప్పుడు కథలతో ఆగడం లేదు, లోకాలు కడుతోంది. రేపు ఆ లోకంలో రెండు రోజులుండి రండి అని ఎవరో ఒకరు ఇక్కడా టికెట్టు పెడతారు. పెట్టాలి కూడా. కురవి వీరభద్రుడి జాతరలో రంగులరాట్నం ఎక్కడానికి ఏడాదంతా చిల్లర దాచుకునే పిల్లలున్న నేల ఇది. ఆ పిల్లలకు అలాంటి చోటు ఒకటి ఉండాలని మనసారా కోరుకుంటాను.

కట్టబోయేవాళ్లకు నా విన్నపం ఒకటే. మీ దగ్గరికి వచ్చేవాడు వినోదం కోసమే రాడు. ఆ సినిమా చూసిన రాత్రిని, పక్కన కూర్చున్న తండ్రిని, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతును వెంట తెచ్చుకుంటాడు. అతని దగ్గర టికెట్టు డబ్బు తీసుకునే ముందు, మీ హాల్లో ఉన్న ప్రతి కుర్చీలో మీరే ఒకసారి కూర్చుని చూడండి. కనపడని కుర్చీని అమ్మకండి. పొరపాటున అమ్మితే, బ్యాటరీ లైటు పట్టుకుని వచ్చి, చెయ్యి పట్టి లేపి, ఇవతల కూర్చోబెట్టే పిల్లగాణ్ని ఒకణ్ని జీతమిచ్చి పెట్టుకోండి.