గ్రాండ్ ర్యాపిడ్స్ ఫ్లోరైడ్ అధ్యయనం

ఊరి మంచినీటిలో తగు మోతాదు ఫ్లోరైడ్ కలిపితే పిల్లల్లో పిప్పిపళ్లు తగ్గుతాయా అని తేల్చడానికి అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో జరిగిన దీర్ఘకాల పరిశోధన. అమెరికా ప్రజారోగ్య సేవా విభాగం, మిషిగన్ రాష్ట్ర ఆరోగ్యశాఖ, మిషిగన్ విశ్వవిద్యాలయం, గ్రాండ్ ర్యాపిడ్స్ నగరపాలక సంస్థ కలిసి దీన్ని నడిపాయి. 1945 జనవరి 25న నగర నీటిలో ఫ్లోరైడ్ కలపడం మొదలైంది. ఒక నగరం మొత్తానికి ఇలా చేయడం ప్రపంచంలో ఇదే మొదటిసారి.

దీని మూలాలు కొలరాడో స్ప్రింగ్స్‌లో ఉన్నాయి. 1901లో అక్కడ వైద్యం మొదలుపెట్టిన దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే స్థానికుల పళ్ల మీద గోధుమరంగు మరకలు గమనించాడు. 1909 నుంచి మరో దంతవైద్యుడు జి.వి. బ్లాక్ ఆయనతో కలిశాడు. మరకపళ్లు అంత సులువుగా పుచ్చడం లేదని కూడా వారు గుర్తించారు. మరకలకు కారణం 1931లో బయటపడింది. ఈ ఘనతను చాలా రచనలు అల్యూమినియం కంపెనీ రసాయనవేత్త హెచ్.వి. చర్చిల్ ఒక్కడికే కట్టబెడతాయి. ఆయన నీటిలో ఫ్లోరైడ్‌ను పట్టుకున్న మాట నిజమే. అయితే మరకకు అదే కారణమని ఎలుకల మీద ప్రయోగాలతో చూపింది అరిజోనా విశ్వవిద్యాలయంలోని మార్గరెట్ స్మిత్ బృందం. ఉత్తర ఆఫ్రికాలో వెలూ అనే పరిశోధకుడు కూడా అదే ఏడాది ఇదే నిర్ణయానికి వచ్చాడు. కాబట్టి ముగ్గురినీ కలిపి చెప్పడమే న్యాయం.

తర్వాత ప్రజారోగ్య సేవా విభాగానికి చెందిన ట్రెండ్లీ డీన్ 21 నగరాల్లో 7,257 మంది పిల్లల పళ్లను, వారు తాగే నీటిని పోల్చి చూశాడు. లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్నచోట పుచ్చు బాగా తక్కువ, మరక నామమాత్రం. ప్రకృతి చేసినదాన్ని మనిషి చేసినా ఇదే ఫలితం వస్తుందా అన్నదే మిగిలిన ప్రశ్న.

దీనికి జవాబు ఏ ఒక్క సంస్థకూ అందేది కాదు. నీటి సరఫరా నగరం చేతిలో ఉంది. పళ్ల పరీక్షకు, లాలాజల పరీక్షకు విశ్వవిద్యాలయం కావాలి. ఏళ్ల తరబడి లెక్కలు నిలబెట్టడానికి కేంద్ర విభాగం కావాలి. పోలికకు మిషిగన్ సరస్సు నీరే తాగే మస్కీగన్‌ను, సహజంగానే ఫ్లోరైడ్ ఉన్న ఇల్లినాయ్‌లోని అరోరాను ఎంచుకున్నారు. పదిహేనేళ్లలో దాదాపు 30,000 మంది బడిపిల్లలను పరిశీలించారు. ఫ్లోరైడ్ కలపడం మొదలయ్యాక పుట్టిన పిల్లల్లో పుచ్చు 60 శాతానికి పైగా తగ్గిందని ప్రకటించారు.

విమర్శలూ ఉన్నాయి. 1951లో మస్కీగన్ కూడా ఫ్లోరైడ్ కలుపుకోవడంతో పోలిక మధ్యలోనే తెగింది. పరీక్షించే వైద్యులకు పిల్లలు ఏ ఊరివారో తెలుసు. ఇవి చిన్న లోపాలు కావు. అయినా అదే 1945లో మొదలైన న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూబర్గ్-కింగ్‌స్టన్, కెనడాలోని బ్రాంట్‌ఫర్డ్ అధ్యయనాలు ఇదే దిశను చూపాయి గనుక మూల నిర్ణయాన్ని నమ్మవచ్చు. ఆ శాతాన్ని మాత్రం ఈనాటికి వర్తింపజేయరాదు. ఫ్లోరైడ్ టూత్‌పేస్టు వాడకం పెరిగాక నీటి వల్ల అదనంగా కలిగే మేలు బాగా తగ్గిందని ఇటీవలి సమీక్షల అంచనా. అమెరికా తన సిఫార్సును 2015లో లీటరుకు 0.7 మిల్లీగ్రాములుగా నిర్ణయించింది.

తెలుగు ప్రాంతాల్లో పరిస్థితి తలకిందులు: ఇక్కడ చాలాచోట్ల నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ కావడమే సమస్య. అధిక ఫ్లోరైడ్ ఎముకలను దెబ్బతీస్తుందని 1937లో షార్ట్ బృందం నెల్లూరు జిల్లా నుంచే నివేదించింది. నీటిలోంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తొలగించడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతికి తెలంగాణలోని నల్లగొండ పేరే పెట్టారు. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు అనుమతిస్తారు.