పాడేరు మన్యం: వాతావరణం, రుతువులు

పాడేరు మన్యం ఆంధ్రప్రదేశ్‌లోని అల్లూరి సీతారామరాజు జిల్లాలో, తూర్పు కనుమలపై ఉన్న గిరిజన ప్రాంతం. పాడేరు, అరకులోయ, చింతపల్లి పరిసరాలు సముద్రమట్టానికి సుమారు 800 నుంచి 1,000 మీటర్ల ఎత్తున ఉంటాయి. కొన్ని శిఖరాలు 1,600 మీటర్లు దాటుతాయి. విశాఖ తీరం ఉక్కపోతతో ఉడికిపోయే రోజుల్లోనూ ఇక్కడి రాత్రులు చల్లగా ఉండటానికి ఈ ఎత్తే కారణం.

రుతువులు

జూన్‌లో నైరుతి రుతుపవనాలు మొదలవుతాయి. సెప్టెంబరు దాకా గెడ్డలు పొంగి కొన్ని గూడేలకు దారి తెగిపోతుంది. ఘాట్ రోడ్లపై కొండచరియలు విరిగిపడుతుంటాయి. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం వాయుగుండాలు మరికొంత వాన తెస్తాయి. వానలు వెనకబట్టాక మెట్టల్లో వలిసె పూలు పసుపుపచ్చగా విచ్చుకుంటాయి.

డిసెంబరు, జనవరి చలి నెలలు. మబ్బు లేని రాత్రి నేల వేడి త్వరగా పోతుంది. వాలుల మీది చల్లగాలి బరువెక్కి లోయల్లోకి దిగి అక్కడే నిలుస్తుంది. అందుకే లంబసింగి, చింతపల్లి, మినుములూరుల్లో ఉష్ణోగ్రత కొన్ని రోజులు 5 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పడిపోతుంది. పొగమంచు కమ్మడంతో పొద్దెక్కినా వాహనాలు లైట్లు వేసుకునే నడుస్తాయి. వేసవిలో పగలు ఎండ కాసినా, సాయంత్రాలు ఉరుములతో జల్లులు పడుతుంటాయి. గిరిజనుల పండుగలూ రుతువుల వెంటే నడుస్తాయి: ఇటుకల పండుగ చైత్రంలో వస్తుంది; మామిడి కొత్త, కొర్ర కొత్త వంటి కొత్త పంటల పండుగలు ఆయా పంటలు చేతికొచ్చే వేళకు జరుగుతాయి.

పోడు, జ్వరం

పోడు సేద్యం వానల లెక్క మీదే నడిచేది. నరికి ఎండబెట్టిన చెట్లను తొలకరికి ముందే కాల్చి, బూడిద తడవగానే సామ, చోడి, కొర్ర విత్తేవారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ఈ పద్ధతికి అడ్డుపడింది. అడవిపై ఆంక్షలు 1922–24 మన్యం తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ఒకటి. వానలతో ముడిపడినది జ్వరం కూడా. 19వ శతాబ్దంలో ఈ కొండలెక్కిన ప్రభుత్వ బలగాలను, ఉద్యోగులను మన్యం జ్వరం, అంటే మలేరియా, పీడించేది. కొండ గెడ్డల తేటనీటిలో పెరిగే అనాఫిలిస్ దోమలు దీన్ని వ్యాపింపజేస్తాయి. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక కూడా ఇక్కడ వానాకాలమంటే జ్వరాల కాలమే.

కాఫీ

ఆంధ్ర ప్రాంత తూర్పు కనుమల్లో కాఫీని 1898లో మారేడుమిల్లి వైపున్న పాములేరు లోయలో నాటారు. 1920ల్లో అది ఈ మన్యంలోని గూడెం ప్రాంతానికి చేరింది. తర్వాతి దశాబ్దాల్లో ప్రభుత్వ సంస్థలు, గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడన తోటలు పెంచారు. మార్చి, ఏప్రిల్‌లో మంచి జల్లు పడిన వారం పది రోజులకు తోట తెల్లగా పూస్తుంది. ఆ జల్లు తప్పితే కాపు తగ్గుతుంది. నవంబరు నుంచి పండ్లు ఏరి, తొక్క తీసి, గింజలను ఎండబెడతారు. అప్పుడు ముసురు పడితే గింజకు బూజు పడుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను ఇక్కడి తోటల్లో నీడచెట్లను కూల్చింది. అలాంటి చెట్లు మళ్లీ ఎదగడానికి ఏళ్లు పడుతుంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇటీవలి కాలంలో లంబసింగి చలి పర్యాటకులను రప్పిస్తోంది. వాళ్లు చూడటానికి వచ్చే పొగమంచు దట్టంగా కమ్మిన రోజుల్లో కాఫీ గింజలు ఎండటం ఆలస్యమవుతుంది.