వర్షపాత–ప్రవాహ నమూనాల క్రమాంకనం (గోదావరి, కోనసీమ)

పరీవాహక ప్రాంతంలో కురిసిన వానలో ఎంత నీరు, ఎంతసేపటికి ఏటికి చేరుతుందో లెక్కగట్టే గణిత సాధనం వర్షపాత–ప్రవాహ నమూనా. నేల ఇంకించుకునే శక్తి, నీరు పారే తీరు వంటి నేరుగా కొలవలేని అంశాలకు ఇందులో కొన్ని గుణకాలు ఉంటాయి. లెక్కలో తేలిన ప్రవాహం ఏటి దగ్గర కొలిచిన ప్రవాహానికి దగ్గరపడేదాకా ఆ గుణకాలను సవరించడమే క్రమాంకనం. కొలతలు అరకొరగా ఉన్న ఏర్లకు ఇది కష్టమైన పని, కానీ తప్పనిసరి పని.

గుణకం మారితే ఏమవుతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. 100 చదరపు కిలోమీటర్ల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే కోటి ఘనపు మీటర్ల నీరు. అందులో సగం ఒక రోజులో పారితే సగటు ప్రవాహం సుమారు 2,040 క్యూసెక్కులు. 30 శాతమే పారితే 1,225. వంతెన ఎంత వెడల్పు ఉండాలో, గట్టు ఎంత ఎత్తు ఉండాలో ఈ తేడాయే తేలుస్తుంది.

చరిత్ర

1851లో ఐర్లండ్ ఇంజనీరు ముల్వనీ వాన తీవ్రతకూ గరిష్ఠ ప్రవాహానికీ ముడిపెట్టాడు. మద్రాసు ప్రాంతానికి 1884లో వచ్చిన రైవ్స్ సూత్రం పరీవాహక విస్తీర్ణం నుంచే వరదను అంచనా కట్టింది. తూర్పు తీరానికి 80 కిలోమీటర్లలోపు దాని గుణకం 6.8, 80 నుంచి 160 కిలోమీటర్ల మధ్య 8.5. ఒక చోట తెలిసినదాన్ని తెలియని చోటికి వర్తింపజేసే పద్ధతి అప్పటికే మొదలైందన్నమాట.

1932లో షెర్మన్ యూనిట్ హైడ్రోగ్రాఫ్‌ను, అంటే ఒక ప్రమాణపు వానకు ఏటి ప్రవాహం కాలంతో ఎలా మారుతుందో చూపే రేఖను, ప్రతిపాదించాడు. కొలతలు లేని చోట్ల కూడా అది పనికొచ్చేలా 1938లో స్నైడర్ దాన్ని ఏటి పొడవుతో, పరీవాహక స్వరూపంతో ముడిపెట్టాడు. 1960లలో కంప్యూటర్‌తో నడిచే స్టాన్‌ఫర్డ్ నమూనా వచ్చింది. 1970లో నాష్, సట్‌క్లిఫ్ ఇచ్చిన సూచిక ఇప్పటికీ నమూనాల నాణ్యతకు కొలమానం: 1 వస్తే పూర్తి సరిపోలిక, సున్నా వస్తే కొలిచిన ప్రవాహాల సగటును చెప్పడం కంటే నమూనా మెరుగేమీ కాదు. వేర్వేరు గుణకాలతో ఒకేలాంటి ఫలితం రావచ్చని 1990లలో బెవెన్ తదితరులు గట్టిగా చెప్పారు. అందుకే నిపుణులు ఒకే అంకెకు బదులు అంచనాల శ్రేణిని ఇవ్వడం మొదలుపెట్టారు. 2003–2012 దశాబ్దాన్ని అంతర్జాతీయ జలశాస్త్ర సంఘం కొలతలు లేని పరీవాహకాల అధ్యయనానికే కేటాయించింది.

భారతదేశంలో కేంద్ర జల సంఘం, రైల్వే పరిశోధన సంస్థ, వాతావరణ శాఖ, రోడ్ల మంత్రిత్వ శాఖ కలిసి దేశాన్ని 26 ఉపమండలాలుగా విభజించి వరద అంచనా నివేదికలు వెలువరించాయి. రైలు వంతెనల దగ్గర కొలిచిన చిన్న ఏర్ల లెక్కలు వీటికి ఆధారమయ్యాయి. దిగువ గోదావరికి 3(ఎఫ్) ఉపమండలం ఉంది.

గోదావరిలో

సుమారు 3.12 లక్షల చదరపు కిలోమీటర్ల గోదావరి పరీవాహకానికి ప్రధాన నది మీద కొలతల కొరత లేదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ నీటి కొలమానంగా కూడా పనిచేస్తూ వచ్చాయి. అక్కడి ప్రమాద హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగుల మట్టాల దగ్గర వెలువడతాయి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర మట్టం 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరంలో ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో భద్రాచలంలో 71.3 అడుగులు నమోదైంది. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం గోదావరి వరద అంచనాకు ఉపగ్రహ సమాచారంతో నమూనా రూపొందించింది. జాతీయ జలశాస్త్ర సంస్థకు కాకినాడలో డెల్టా ప్రాంతీయ కేంద్రం ఉంది.

అయినా పెద్ద వరద అంకెల్లో అనిశ్చితి ఉంటుంది. మామూలు రోజుల్లో మట్టాన్నీ ప్రవాహాన్నీ కలిపి కొలిచి గీసిన రేఖను వరద వేళ పైకి పొడిగించి చదవాల్సి వస్తుంది. ఆ పొడిగింపు తప్పితే దాని మీద క్రమాంకనం చేసిన నమూనా కూడా తప్పుతుంది.

అంబాజీపేట, మధ్య డెల్టా

కోనసీమలో కొబ్బరి వ్యాపారానికి పేరుపడ్డ అంబాజీపేట చుట్టూ సమస్య ఇంకో రకం. ఇక్కడ నేల దాదాపు సమతలం. వాన నీరు కౌశిక వంటి ఏళ్లు, డ్రెయిన్ల గుండా సముద్రం వైపు కదలాలి. కొండ ఏళ్లకు కట్టిన గుణకాలు ఇలాంటి చోట పనిచేయవు. సముద్రంలో పోటు, నదిలో వరద ఒకేసారి ఉంటే డ్రెయిన్ నీరు ముందుకు కదలక నిలిచిపోతుంది. మట్టం పెరిగినంత మాత్రాన ప్రవాహం పెరిగినట్టు కాదు. కాబట్టి వానతో పాటు పోటు మట్టం, కాలువల నుంచి వచ్చే సాగునీరు, వరి చేలలో నిలిచిన నీరు కూడా నమూనాలో చేరాలి.

కొలతలు తక్కువైనప్పుడు

పోలిక ఉన్న, కొలతలున్న పరీవాహకం గుణకాలను తెచ్చుకోవడం, వరద తగ్గాక గోడల మీద మిగిలిన నీటి గీతలను సర్వే చేయడం, ఉపగ్రహ చిత్రాల్లో కనిపించే ముంపు విస్తీర్ణంతో నమూనా ఫలితాన్ని పోల్చడం వాడుకలో ఉన్న మార్గాలు. ఉన్న కొద్దిపాటి లెక్కల్లో కొన్నిటిని క్రమాంకనానికి వాడకుండా పక్కన ఉంచి, వాటితో నమూనాను పరీక్షించడం తప్పనిసరి నియమం. ఒక్క వరదకు అతికినట్టు కుదిరిన నమూనా మరో వరదకు కుదరకపోవచ్చు.

ఈ పద్ధతులేవీ కొలతకు ప్రత్యామ్నాయం కావు. డ్రెయిన్ల మీద కొన్నేళ్లపాటు ఆపకుండా మట్టం, ప్రవాహం నమోదు చేస్తేనే డెల్టా రైతుకు నమ్మదగిన ముంపు అంచనా అందుతుంది.