జనగణనలో మన గడి

జనాభా లెక్కలంటే తలలు లెక్కపెట్టడమే అనిపిస్తుంది. కానీ ఆ కాగితంలో ఏ గడి ఉంది, ఏ గడి లేదు అన్నదే దళితులకు మొదటి నుంచీ అసలు ప్రశ్న.

బ్రిటిష్ ప్రభుత్వం 1872లో తొలి లెక్కలు తీసింది. అవి దేశమంతా ఒకే సమయంలో జరగలేదు. 1881 నుంచి 2011 వరకు మాత్రం పదేళ్లకోసారి ఆగకుండా జరిగాయి. కులం రాసుకోవడం పాలకులు తమ అవసరం కోసం మొదలుపెట్టిందే. ఆ కాగితాన్నే మన పెద్దలు హక్కుల కోసం వాడుకున్నారు.

1911 లెక్కలకు ముందు సెన్సస్ కమిషనర్ గేట్ పది ప్రశ్నలతో ఒక సర్క్యులర్ పంపారు. గుడి లోపలికి రానిస్తారా? తాకితే మైల అంటారా? శవాన్ని పూడుస్తారా? గొడ్డు మాంసం తింటారా? అంబేడ్కర్ అంటరానివారి పుట్టుక మీద రాసిన పుస్తకంలో ఈ పది ప్రశ్నల్లో కొన్నింటిని వివరంగా చర్చించారు. 1932లో లోథియన్ కమిటీ వచ్చేసరికి మా దగ్గర అంటరానివాళ్లే లేరని వాదించినవారూ బయల్దేరారు. సంఖ్యను బట్టి సీట్లు వస్తాయని అప్పటికి అందరికీ అర్థమైంది మరి.

పేరు కోసమూ పోరాటం నడిచింది. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ అనే మాటను తోసేసి ఆది ఆంధ్ర అన్నారు. 1931లో నిజాం రాజ్యపు లెక్కల్లో ఆది హిందూ పేరు చేరింది. అదే ఏడాది పంజాబులో నాలుగు లక్షల మందికి పైగా ఆద్ ధర్మ్ అని రాయించుకున్నారు.

పూర్తి కులగణన జరిగిన చివరి లెక్కలు కూడా 1931వే. 1951 నుంచి ఎస్సీ, ఎస్టీలను మాత్రమే విడిగా లెక్కిస్తున్నారు. 2011లో ఎస్సీలు 16.6 శాతం, అంటే సుమారు 20 కోట్ల మంది. చట్టసభల్లో రిజర్వుడు స్థానాలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ఉప ప్రణాళిక చట్టం కింద నిధులు, అన్నీ ఈ సంఖ్యనే ఆధారం చేసుకున్నాయి.

ఇక్కడే రెండు చిక్కులున్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మతం గడిలో క్రైస్తవం అని రాస్తే ఎస్సీ లెక్కలోంచి పోతారు. పల్లెలో వివక్ష అలాగే ఉన్నా సరే. మన జిల్లాల్లో ఎందరో ఆదివారం చర్చికి వెళ్లి, కాగితం మీద హిందువుగా ఉండేది ఇందుకే. వాళ్లను తప్పుపట్టే పని మేము చేయం.

రెండోది ఉపకులం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి తెరిచాక ఏ కులం ఎంత మంది అన్నది మరీ ముఖ్యమైంది. ఆది ఆంధ్ర అని రాయించుకున్న కుటుంబం మాలా, మాదిగా అన్నది ఆ పట్టిక చెప్పదు. ఒకప్పటి ఆత్మగౌరవపు పేరు ఇప్పుడిలా ముడిపడింది.

2021 లెక్కలు కోవిడ్‌తో ఆగిపోయాయి. 2025లో కేంద్రం కొత్త జనగణనలో అన్ని కులాలనూ లెక్కిస్తామని ప్రకటించింది. దానికి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఎన్యూమరేటర్లుగా వచ్చేది ఎక్కువగా బడి పంతుళ్లే. 1948 సెన్సస్ చట్టం ప్రకారం వ్యక్తుల వివరాలు రహస్యం, వాటిని కోర్టులో సాక్ష్యంగానూ వాడకూడదు. కులం పేరు అడిగినప్పుడు ఉత్త ఎస్సీ అని ఊరుకోకుండా, సర్టిఫికెట్‌లో ఉన్న పేరు చెప్పి, రాశారో లేదో అక్కడే చూడండి.